మటిక్కాయ పిండి

కొలిమిగుండ్ల దాటినాక, నాపరాళ్ల గనులకు అవతల
నల్లరేగడి మీద నిలబడింది మా రిగ్గు.
రాడ్లు దింపేది ఖాజామొద్దీన్,
బురద కలిపేది నేను.
ఇంటి దగ్గర ఎవరైనా అడిగితే
కంపెనీలో పని అని చెప్తుంది మా ఆవిడ.
బురద అని చెప్పదు.

బురదంటే అల్లాటప్పా కాదు.
పైన పోసింది అడుగుదాకా పోయి
వేడెక్కిన బిట్టును చల్లబరిచి
రాతిపొడిని మోసుకుని మళ్ళీ పైకి రావాలి.
పోయింది పోయినంతా రావాలి.
చిక్కదనం కొలవడానికి ఓ గరాటు ఉంది నా దగ్గర.
అడుగున వేలు తీసి లెక్కపెడతాను:
నలభై లోపు కారిపోతే పలచన,
యాభై దాటితే ఖాజా తిడతాడు.

తొంభై ఆరు మీటర్ల దగ్గర
గుంటలోకి రావాల్సింది రాలేదు.
పోసిన డ్రమ్ము పోసినట్టే.
"కొండ తాగుతాంది రా మద్దిలేటీ,"
అన్నాడు ఖాజా, బీడీ చెవి మీద పెట్టుకుని.
సున్నపురాయి కడుపులో ఎక్కడో ఓ నెర్రె.
శెనక్కాయ పొట్టు వేశాం. రంపపు పొట్టు. తౌడు.
చింపిన గోనెసంచి కూడా.
అన్నీ మింగింది.
తెల్లారుజామున రాడ్డు పైకి లాగితే
చివర కారిన నీళ్ళు మేం పోసినవి కావు.
చల్లగా, తేటగా,
నాలుక మీద కొంచెం సున్నం.

పక్క చేను సుంకులమ్మది.
ఆమె వేయించిన బోర్లు నాలుగు.
మూడింటి మీద చట్లు బోర్లించింది,
నాలుగోదానికి చట్టి కూడా దండగనుకుంది.
వచ్చి, రాతిముక్కలు పేర్చిన పెట్టె పక్కన
గొంతుక్కూర్చుని
"యాడ తగిల్నాయప్పా?" అంది.
చెప్పకూడదు. చెప్పాను.
"పూడుస్తారా?"
"పూడ్చకుంటే కిందికి పోలేం."
"కిందేముండాది?"
ఆయిలో, గ్యాసో,
ఆఫీసువాళ్ళకే ఇంకా అనుమానం.

షెడ్డులో రెండు రకాల సంచులు.
ఒకటి ఫ్యాక్టరీ పాలిమర్, పంచదారలా తెల్లన.
తడి తగిలితే ఉబ్బి, జిగురై, నెర్రెలో కూచుంటుంది,
ఏళ్ళు గడిచినా లేవదు.
రెండోది మీగడ రంగు.
మూతి విప్పితే పచ్చిచిక్కుడు వాసన.
గోరుచిక్కుడు గింజల పిండి అని ఇంజనీరు చెప్పిన రోజు
నవ్వొచ్చింది నాకు.
మటిక్కాయలా సార్!
పోయినేడు ధర లేక
సుంకులమ్మ మేకల్ని తోలింది ఆ చేలోకే.
ఇదీ పూడుస్తుంది.
కానీ పండింది కదా, కుళ్ళుతుంది.
వారం, పదిరోజులు,
ఆపైన జిగురు విడిచి నీళ్ళలో నీళ్ళవుతుంది.

ఆ రాత్రి మీగడ రంగు సంచి విప్పాను.
సంగటి కెలకడం లాంటిదే ఈ పని.
కుమ్మరిస్తే ఉండ కడుతుంది, చేపకళ్ళు అంటాం మేం.
పిడికిలి సందుల్లోంచి రాలుస్తూ
తెడ్డు ఆపకుండా
ఒక్క చేపకన్నూ లేకుండా కలిపాను.
గరాటు కింద తొంభై దాకా లెక్కపెట్టాను.
"ఏ సంచీ?" అన్నాడు ఖాజా.
"ఉన్న సంచీ."
నా మొహం కేసి చూశాడు.
చెవి మీది బీడీ తీసి దూరంగా పోయి వెలిగించుకున్నాడు.
మూడు గంటలకు గుంటలోకి తిరిగొచ్చింది బురద,
బడి ఎగ్గొట్టినవాడు ఇంట్లోకి వచ్చినట్టు, గోడ పక్కనుంచి.

నాలుగు వందల పది దాకా దిగాం.
ఏమీ లేదు.
గొట్టాలు లాగేసి, మూత బిగించి
అవుకు వైపు కదిలిపోయాం.

నెల తర్వాత జీతం బాకీ కోసం పోతూ
మధ్యలో బస్సు దిగాను.
మూత బోల్టులు ఎవరో అప్పటికే విప్పారు.
చుట్టూ మేక పెంటికలు, ఓ చేంతాడు.
నాపరాయి పెంకొకటి లోపలికి వదిలి
అలవాటు కొద్దీ మొదలుపెట్టాను.
ఒకటి.
రెండు.
"గట్టిగా లెక్కబెట్టొద్దప్పా,"
అంది వెనకనుంచి సుంకులమ్మ,
"ఇననీ."